వేసవి పాదులకు అదను సంక్రాంతియా, ఉగాదియా?

సంక్రాంతి వెళ్లినది. ధాన్యము ఇల్లు చేరినది. పెరటిలో చిక్కుడు పాదు చివరి కాపు కాయుచున్నది. వంగ ముదిరినది. బంతి, చామంతి వాడుముఖము పట్టినవి. ఇక్కడినుండి రెండు నెలలపాటు పెరడు ఊరకే పడియుండుట మన గ్రామములలో ఆచారమైపోయినది. ఉగాది పచ్చడి తిన్న పిమ్మట, ఎండలు ముదిరి బజారులో బీరకాయ ధర చెవిని పడిన పిమ్మట, అప్పుడు నాలుగు గింజలు నాటుదుము. పాదు మొలచును, ప్రాకును, పందిరి నిండ ఆకు వేయును, విరగబూయును. కాయ మాత్రము నిలువదు. అంతట విత్తనములమ్మిన దుకాణదారుని నిందింతుము. అన్ని విత్తనములును మంచివేయని నేననను. కాని చాలచోట్ల తప్పు విత్తనములో లేదు, విత్తిన తేదీలో ఉన్నది.

ఆనప, బీర, కాకర, దోస మున్నగు వేసవి పాదులను సంక్రాంతికి శివరాత్రికి నడుమ విత్తవలెననియు, ఆ అదను తప్పినవారు పందిరి ఆశ విడిచి ఆకుకూరలతోను గోరుచిక్కుడుతోను సరిపెట్టుకొనుట మేలనియు నా అభిప్రాయము. దీనికి కారణము పాదు స్వభావములోనే ఉన్నది.

పాదుజాతులలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఒకే తీగపై రెండును పూయును. ఆడపువ్వు క్రింద పుట్టుకతోనే చిన్న పిందె యుండును, మగపువ్వు సన్నని కాడపై నిలుచును. తీగ మొదట పూయునవన్నియు మగపూలే. అవి ఒకటి రెండు దినములలో రాలుట సహజము. దానిని జూచి పూతరాలు తెగులని మందు కొట్టువారు ప్రతి యూర నున్నారు, ఆ మందు వృథా. అసలు చూడవలసినది ఆడపూల సంఖ్య. రాత్రులు చల్లగాను, పగలు పొట్టిగాను ఉన్నపుడు ఆడపూలు హెచ్చును. పగలు సాగి, వేడిమి పెరిగినకొలది మగపూలే హెచ్చును. తీగ లేతగా, నాలుగాకులతో నున్నపుడే ఈ మొగ్గు చాలవరకు ఏర్పడును. మాఘమాసపు చలిలో నాలుగాకులు వేసిన తీగకును, చైత్రపు ఎండలో వేసిన తీగకును ఉన్న భేదమిదియే.

ఇక లెక్క చూడుడు. ఆనప గాని, బీర గాని విత్తినది మొదలు తొలి కోతకు సుమారు 50 నుండి 60 దినములు పట్టును. ఫిబ్రవరి మొదటి వారమున విత్తినచో మార్చి నెలాఖరునకు కాయ చేతికి వచ్చి, మే మొదటి వారమువరకు కాచును. మార్చి నెలాఖరున విత్తినచో మే నెల నడుమ పూతకు వచ్చి, నిండు కాపు రోహిణి కార్తెలో పడును. రోళ్లు పగులునని పేరుపడిన కార్తెలో పుప్పొడి ఎండిపోక ఏమగును? తేనెటీగ సైతము ఆ ఎండలో తిరుగుట తగ్గించును.

ఈ తేదీలు మైదాన ప్రాంతములకు వర్తించును. చింతపల్లి, లంబసింగి, అరకు వంటి మన్యపు మిట్టలలో సంక్రాంతినాటి చలికి గింజ మొలవక కుళ్లును. అచ్చట శివరాత్రికి చలి తగ్గిన పిమ్మటనే విత్తుట సరియైన పని.

“మాఘమాసమున మాకు తీరిక యెక్కడిది?” అని రైతు సోదరులడుగుదురు. మాగాణిలో మినుము, పెసర ఉండును, మెట్టన మిరప కోతలుండును. ఇది కాదనరాని మాటయే. కాని పెరటి పని రైతు చేతిమీద జరుగుట అరుదు. గుంత త్రవ్వి పందిరి వేయువరకే పురుషుల పాత్ర. తరువాత మూడు నెలలు నీరు మోయునది ఇంటి ఆడవారు. ఆలస్యముగా విత్తిన పాదునకు వైశాఖమున, బావి అడుగంటిన దినములలో, నీరు మోయవలసి వచ్చును. ఆ మోసిన నీటికి కాయ లేకపోవుట ఎవరికి నష్టమో ఆలోచింపుడు. ముందుగా విత్తుమని నేననుట కాయకొరకు ఎంతయో, ఈ మోతకొరకు నంతయే.

కావున మొక్కల నెన్నుకొనునపుడు విత్తనపు పొట్లముపై బొమ్మను జూచుట కాక, మొదట నీటి లెక్క కట్టవలెను. ఒక సెంటు అనగా సుమారు 40 చదరపు మీటర్లు. ఎండకాలమున మడికి రోజునకు 5 మిల్లీమీటర్ల నీరు పెట్టవలెనన్నచో 200 లీటర్లగును, అనగా 20 లీటర్ల బిందెలు పది. బోరు గలవారి మాట వేరు. చేదుకొనువారు సెంటు మడికి పూనుకొనరాదు. నాలుగు గుంతలు, ఒక పందిరి చాలును. కాపుకు వచ్చిన పాదునకు రోజునకు 15 లీటర్ల చొప్పున నాలుగింటికి మూడు బిందెలు. నలుగురున్న ఇంట బియ్యము, కూరలు కడిగిన నీరు, అంట్లు తొలిపిన నీరు చేర్చిన రెండు బిందెలకు తక్కువ కాదు. మిగిలినది ఒక బిందె. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవారికి రోజునకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు కావలెనని చెప్పుచున్నది. నాలుగు పాదులు దీనినంతయు తీర్చవు. అయినను కొనవలసిన బరువు తగ్గించును. ఏ మందు ఎప్పుడు కొట్టిరో తెలియని కాయ కొంతైన ఇంటికి రాకుండ ఆపును.

రకముల విషయమున ఒక మాట. బీరలో జగిత్యాల లాంగ్, కాకరలో పూసా దో మౌసమీ, ఆనపలో పూసా నవీన్ పెరటికి చాలును. పెద్ద కమతమువారు సంకర రకములు వేసికొనుట తప్పు కాదు. కాని వాటి గింజ మరుసటి యేట అదే కాయ నీయదు గనుక పెరటికి సూటిరకములే నయము. గోరుచిక్కుడులో పూసా నవబహార్ అన్నిటికన్న తక్కువ నీటితో గట్టెక్కును. నన్నడిగినచో నీరు చాలని యిండ్లవారికి మొదట దీనినే చెప్పుదును.

బెండకు మాఘమే అదను. రాత్రి నానబెట్టి ఉదయమున విత్తవలెను. దీనికి శత్రువు పల్లాకు తెగులు, దానిని మోయునది తెల్లదోమ. 1960 ప్రాంతమున ఢిల్లీ నుండి వచ్చిన పూసా సావనీ ఆనాడు ఈ తెగులును తట్టుకొని దేశమంతట వ్యాపించినది, కొన్నేండ్లకు ఆ శక్తి కోల్పోయినది. తరువాత వచ్చిన పర్భణీ క్రాంతి, బెంగుళూరు సంస్థవారి అర్క అనామిక కూడ ఇప్పుడు చాలచోట్ల తట్టుకొనలేకున్నవి. కావున రకమును నమ్ముకొని కూర్చుండక, ఈనెలు పసుపెక్కిన మొక్కను కనబడినరోజే పెరికి కాల్చవలెను. రెండాకులు పచ్చగానున్నవి గదాయని ఉంచినచో మడియంతయు పోవును.

టమాట నారు ఇప్పుడు పోయవలదు. రాత్రి వేడిమి 15 నుండి 20 డిగ్రీల మధ్య నున్నపుడు టమాట పిందె బాగుగా కట్టును. మదనపల్లె మిట్ట ప్రాంతమగుటచే అచ్చట వేసవిలోను పండుచున్నది. దానిని జూచి గుంటూరులోను ఖమ్మములోను ఫాల్గుణమున నాటుట నష్టము. పాలకూర, కొత్తిమీర ఎండకు త్వరగా కాడ వేయును. తోటకూర, గోంగూర, తీగ బచ్చలి ఎండను ఓర్చును. తోటకూర 25, 30 దినములలో కోతకు వచ్చును గనుక అదను తప్పినవారికి ఇదియే దిక్కు.

పొట్లము కొనునపుడు పరీక్ష తేదీ, గడువు తేదీ, మొలక శాతము తప్పక చదువవలెను. ఇంటి గింజయైనను కొన్నదైనను తడిగుడ్డలో 20 గింజలు చుట్టి వారము దినములుంచి చూడుడు. పన్నెండుకన్న తక్కువ మొలచినచో ఆ విత్తనమును నమ్మరాదు.

అడుగున్నర లోతు, అంత వెడల్పు గుంత త్రవ్వి, పైమన్నుతో రెండు తట్టల చివికిన పశువుల ఎరువు, నాలుగు పిడికిళ్లు వేపపిండి కలిపి పూడ్చి, వారము తరువాత గుంతకు నాలుగైదు గింజలు అంగుళము లోతున పెట్టవలెను. కాకర గింజ పెంకు గట్టిది, రాత్రంతయు నానినగాని సులభముగా మొలవదు. మొలచిన పిమ్మట బలమైనవి రెండుంచి మిగిలినవి తీసివేయవలెను. ఇక్కడ మనవారికి మనసొప్పదు. మొలచినదానిని పెరుకుట పాపమని నాలుగును ఉంతురు, నాలుగును బక్కచిక్కును. రెండు నుండి నాలుగాకుల దశలో లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్సు కలిపి తీగపై చల్లినచో ఆడపూలు హెచ్చును. ఖర్చు స్వల్పము, చేయువారు తక్కువ.

లేతమొక్కకు ఎర్రపెంకు పురుగు పెద్ద బెడద. తెల్లవారుజామున మంచు తడి ఆరకముందే ఆకులపై బూడిద చల్లినచో పెరటి మట్టునకు సరిపోవును, పురుగు మందకొడిగా నుండు ఆ వేళ చేతితో ఏరవచ్చును కూడ. బూడిద తెగులుకు మిరపపై చల్లగా మిగిలిన గంధకపు పొడిని పాదులపై చల్లరాదు, ఆకులు మాడిపోవును. మొదట నాలుగంగుళముల మందమున ఎండుగడ్డి గాని, వేరుశనగ పొట్టు గాని పరచినచో నీటి వాడకము స్పష్టముగా తగ్గును. మెరుగుపూత లేని పాతకుండను గుంత ప్రక్కన మెడవరకు పాతి నీరు నింపి మూతపెట్టుట మరియొక మంచి పద్ధతి. కుండ చెమర్చుచు వేరునకు తడి యందించును.

పిందె పసుపెక్కి రాలుచున్నచో రెండు కారణములు. ఈగ కుట్టినదైనచో లోపల పురుగుండును. అట్టి కాయలను ఏరి లోతుగా పాతవలెను, పందిరి క్రింది మన్ను గుల్లచేసినచో లోపలి కోశములు ఎండకు చచ్చును. పురుగు లేనిచో పుప్పొడి అందలేదనుట. ఆనప, బీర సాయంకాలమున విచ్చును, కాకర, దోస, గుమ్మడి ఉదయమున. అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రేకులు తీసి, దాని నడిమి భాగమును ఆడపువ్వు నడుమ తాకించినచో పిందె నిలుచును. పిల్లలకు ఒకసారి చూపిన చాలును, వారే చేయుదురు.

పూలమొక్కలకును ఇదే న్యాయము. సంక్రాంతికి కడియపు నర్సరీల నుండి విరగబూసిన పెటూనియా, ఫ్లాక్సు కుండీలు కొని తెచ్చిన మార్చికి అవి ముగియును. అవి చలికాలపు మొక్కలు. ఇప్పుడు జినియా, గడ్డిగులాబి విత్తినచో వేసవియంతయు పూయును. పూత ముగిసిన చామంతిని పెరికి పారవేయరాదు. కాడలను నేలమట్టముగా కోసి, పిలకలను ఓరనీడలో కాపాడినచో తొలకరికి అవియే నారు. మల్లెను ఇంకను కత్తిరింపనివారు ఈ పుష్యమున అడుగున్నర ఎత్తున కత్తిరించి ఎరువు వేయవలెను.

గ్రామాధికారులకు ఒక మనవి. పెరటి విత్తనములు పంచు కార్యక్రమము ఏ పేరుతో వచ్చినను, పొట్లములు సంక్రాంతి లోపల ఇండ్లకు చేరవలెను. ఉగాది తరువాత వచ్చినచో లెక్క చూపుటకై పాదుగింజలు పంచక, గోంగూర, తోటకూర మాత్రము పంచి, మిగిలినవి గడువు తేదీ చూచి తొలకరికి దాచుట మేలు. బడితోటల విషయమును ఆలోచింపవలెను. మాఘమున బడిలో పాదు పెట్టినచో కాపు నిండునప్పటికి సెలవులిత్తురు, నీరు పోయువారు ఉండరు. బడికి ఈ ఋతువున ఆకుకూర మడులే తగును, పందిరి జూన్ నెలలో వేయవలెను.

విత్తనమునకు నడికాపులోని మంచి కాయను గుర్తుపెట్టి తీగపైననే ముదరనీయవలెను. అయితే ప్రక్కపెరటిలో వేరొక ఆనప రకమున్నచో పుప్పొడి కలియును గనుక, విత్తనపు ఆడపువ్వును విచ్చకముందే కాగితపు సంచితో కప్పి, చేతితో పుప్పొడి తాకించి, పిందె కట్టువరకు మరల కప్పియుంచవలెను. కోసిన ఆనపకాయ ముక్కను నాలుకపై పెట్టి చూడుట మన పెద్దల అలవాటు. దానిని మానరాదు. చేదుగానున్న ఆనపకాయ విషతుల్యము, కూరకు గాని, రసమునకు గాని పనికిరాదు. అట్టి కాయ కాచిన తీగనుండి గింజ తీయక, తీగను మొదలంట పెరికివేయవలెను.