లంక అంటే నీళ్ళ నడుమే ఉండాలా?

ఇరువైపులా నీరు గలది ద్వీపమని ముప్ఫై ఏళ్ళు తరగతిలో వ్యుత్పత్తి చెప్పినవాణ్ణి. ఈ మధ్య ఒక సాహిత్య సభలో ఓ కవిమిత్రుడు మనిషి కాలు మోపని సముద్రద్వీపాల మీద దీర్ఘకవిత చదివాడు. పక్షులు, నిశ్శబ్దం, ఆదిమప్రకృతి, అన్నీ ఉన్నాయి. బాగుంది కూడాను. కాఫీ వేళ కలివికోడి ప్రస్తావన రాగానే ఆయనే పెదవి విరిచాడు: "ఒక్క పిట్ట కోసం కాలువను వంకర తిప్పారు గదా మాష్టారూ! ఆ కంపలో ఏముందని?"

అక్కడ మొహమాటపడి ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

అయ్యా, ఆ కంపే మన ద్వీపం. కడప జిల్లాలో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యమని దానికి పేరు. ఆ పేరులో లంక ఉండడం సార్థకమని నాకు తోస్తుంది. చుట్టూ పొలాలు, నిమ్మతోటలు, కాలువలు, నడుమ ముళ్ళపొదలు. ఆ పొదల మధ్య బోసినేల మీద, రాత్రిపూట మాత్రమే తిరిగే పిట్ట కలివికోడి. పొద మరీ చిక్కనైనా దానికి పనికిరాదు, మరీ పలచనైనా పనికిరాదు. 1848లో జెర్డాన్ అనే ఆంగ్లవైద్యుని పేరిట శాస్త్రగ్రంథాలకెక్కింది. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోయేసరికి అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ వెతుకుతూండగా, రెడ్డిపల్లె దగ్గర ఒక పల్లెవాసి టార్చి వెలుగులో దానిని పట్టి తెచ్చాడు. పాపం, అది బ్రతకలేదు. పండితులు పోయిందన్న పిట్టకు పల్లెలో చక్కని తెలుగు పేరు ఉండనే ఉంది! కలివిపొదల కోడి కలివికోడి. నిఘంటువులు ముందేసుకుని కూర్చునే నావంటివారు సిగ్గుపడవలసిన సంగతి ఇది.

ఇక కాలువ మాట. 2005లో తెలుగుగంగ కాలువ కోసం ఆ పిట్ట తావులో యంత్రాలు దిగాయి. అభ్యంతరాలు వచ్చాక కాలువ దారి మార్చారు. కాలువను ఎవరూ వద్దనలేదు. కరవు నేల మీద పుట్టి, బిందెడు నీళ్ళకు మైలు నడిచిన తల్లిని చూసినవాణ్ణి. నీటిని చిన్నచూపు చూడను. వంకర తిరిగిన కాలువలోనూ నీరు పారుతుంది. చదును చేసిన పొద మళ్ళీ ఆ పొదగా ఎన్నడు మొలుస్తుంది?

దారి మార్చకపోతే ఏమవుతుందో చూడాలంటే రోళ్ళపాడు వెళ్ళండి. పూర్వపు కర్నూలు జిల్లా, నేటి నంద్యాల జిల్లా. బట్టమేక పిట్ట కోసం 1988లో ఆరు చదరపు కిలోమీటర్ల గడ్డినేలను అభయారణ్యం చేశారు. అంత పెద్ద పక్షికి ఆ కాస్త కంచె ఏ మూలకు? చుట్టుపక్కల జొన్నచేలల్లోనూ, బీళ్ళలోనూ అది మేసేది. సాగునీరు వచ్చింది, పంటలు మారాయి, బీళ్ళు పోయాయి. కృష్ణజింకలున్నాయి, తోడేళ్ళున్నాయి. బట్టమేక మాత్రం ఏళ్ళుగా కనబడడం లేదు. సముద్రద్వీపానికి సముద్రమే కాపలా. మన మెట్టద్వీపానికి చుట్టూ ఉన్నది మనమే.

నేనూ దోషినే. పనిచేసిన ఒక ఊళ్ళో వనమహోత్సవం పేరిట పిల్లల చేత కంప కొట్టించి మొక్కలు నాటించాను. "అడవి" వ్యాసంలో ముళ్ళపొదలని రాసిన పిల్లవాడికి మార్కులు కూడా తగ్గించాను. మహావృక్షాలు లేని అడవి అడవేమిటని! "బంజరు", "వృథాభూమి" అనే మాటలు రెవెన్యూ దస్త్రాలలో ఉంటే ఉండనీ, వాటిని మన వచనంలోకి మోసుకొచ్చినవాళ్ళం మనమే.

2025 ఆగస్టులో, ఏళ్ళ తరబడి జాడలేని కలివికోడి కూతను మన రాష్ట్రంలోనే కొందరు పక్షిప్రేమికులు రికార్డు చేశారని చదివి ఆ రాత్రి నిద్రపోలేదు. కవిమిత్రునికి ఫోను చేసి చెప్పాను. ఆ పిట్ట నేలను చూడాలంటే ఓడ ఎక్కనక్కరలేదు, బద్వేలు బస్సు ఎక్కితే చాలు రమ్మన్నాను. అటవీశాఖ వారి అనుమతి మాత్రం కావాలి. ఆయన ఇంకా జవాబు చెప్పలేదు.