తొలి సమావేశం నాడే అడగాలి

నయాపూల్ వంతెన మీద నిలబడితే మూసీకి ఒక ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, రెండో ఒడ్డున 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనం కనిపిస్తాయి. అక్కణ్ణించి కాస్త లోపలికి నడిస్తే పురానీ హవేలీలో ఫ్యామిలీ కోర్టు. పొద్దున పది గంటల వేళ ప్లాస్టిక్ సంచుల్లో నిఖానామా, రేషను కార్డు, పాత వకీలు రాసిచ్చిన కాగితాలు పట్టుకుని ఈ దారిన నడిచే స్త్రీలకు చట్టం కోర్టు మెట్ల దగ్గరే ఎదురవుతుంది. అప్పటికే అది తయారై, ముద్రై, గట్టిపడి ఉంటుంది. అది ఇంకా మెత్తగా ఉన్నప్పుడు, అంటే కమిటీ గదిలో ఉన్నప్పుడు, ఎవరు పట్టుకున్నారన్నది నా ప్రశ్న.

శాసనసభా కమిటీ గానీ దాని ఉపసంఘం గానీ తొలిసారి కూర్చున్నప్పుడు పరిచయాలు, టీ, బిస్కెట్లు తప్ప ఏముంటాయని మన సంఘాల్లో చాలామంది కొట్టిపారేస్తారు. నివేదిక వచ్చాక చూసుకుందాం, అప్పుడు ధర్నా చేద్దాం అంటారు. నేను దీనితో ఏకీభవించను. ఏయే అంశాలు తీసుకోవాలి, ఎవరిని పిలవాలి, ఏ ఊళ్లకు పోవాలి, ఎన్నాళ్లలో ముగించాలి, జనం అభిప్రాయాలు కోరుతూ ప్రకటన ఏ భాషలో ఇవ్వాలి - ఇవన్నీ తేలేది ఆ రోజే, లేదా ఆ తర్వాతి ఒకటి రెండు సమావేశాల్లో.

లోక్‌సభ నియమాలు చూడండి. కమిటీ అధ్యక్షుణ్ణి స్పీకర్ నియమిస్తారు. మొత్తం సభ్యుల్లో సుమారు మూడో వంతు వస్తే కోరం. ఓట్లు సమానమైతే అధ్యక్షస్థానంలో ఉన్నవారిది నిర్ణాయక ఓటు. సమావేశాలు బయటివాళ్లకు తెరిచి ఉండవు. సాక్షులనూ దస్తావేజులనూ రప్పించుకునే అధికారం మాత్రం ఉంటుంది. 1997లో ఏర్పడిన పార్లమెంటు మహిళా సాధికారత కమిటీలో 30 మంది సభ్యులు. 10 మంది కూర్చుంటే పని నడుస్తుంది. ఆ పదిమందిలో స్త్రీలు ఎందరుండాలన్న మాట కోరం నియమంలో లేదు.

1947 నాటి సంగతి ఇంకా స్పష్టంగా చెబుతుంది. రాజ్యాంగ సభ సలహా సంఘం ఫిబ్రవరి 27న సమావేశమై ఉపసంఘాలను ఏర్పరిచింది. ప్రాథమిక హక్కుల ఉపసంఘం అదే రోజు కూర్చుని ఆచార్య కృపలానీని అధ్యక్షుడిగా ఎన్నుకుంది. 12 మందిలో స్త్రీలు ఇద్దరే: హంసా మెహతా, రాజకుమారి అమృత్ కౌర్. అంబేద్కర్, మున్షీ, కె.టి. షా వంటివారి ముసాయిదాలు, నోట్లు ఆ ఉపసంఘం పనికి ఆధారమయ్యాయి. కోర్టుకు పోయి సాధించుకోగల హక్కులు ఒక పక్క, ప్రభుత్వానికి సూచనలుగా మాత్రమే మిగిలేవి ఇంకో పక్క ఉండాలన్న విభజన ఆ తొలి వారాల్లోనే స్థిరపడింది. నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ దీన్ని గట్టిగా పట్టుబట్టారు. వినడానికి ఇది పని సులువు చేసుకునే ఏర్పాటే. కానీ గీత గీశాక ఏది ఏ పక్కన పడుతుందన్నదే అసలు రాజకీయం. ఉమ్మడి పౌర స్మృతి రెండో పక్కన పడింది. అయిదు నుంచి పదేళ్లలోపు దానికి హామీ ఇవ్వాలని హంసా మెహతా, అమృత్ కౌర్, మీనూ మసానీ అసమ్మతి రాశారు. (ఆ స్మృతిని ఈనాడు ఎవరు, ఎవరి మీదికి ఎత్తుతున్నారన్నది వేరే చర్చ. ఆ నినాదం నాది కాదు.)

అయితే వాళ్లు అన్నిటా ఓడిపోలేదు. మతాచరణ స్వేచ్ఛ అని ఊరికే రాసేస్తే పర్దా, సతి, దేవదాసీ వంటి ఆచారాల మీద ఏ సంస్కరణ చట్టమూ నిలవదని అమృత్ కౌర్ ఆ మార్చిలోనే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పారు. రాజ్యాంగం 25వ అధికరణంలో సంఘ సంస్కరణ చట్టాలకు చోటిచ్చిన వాక్యం వెనుక ఆ పట్టుదల ఉంది. ముసాయిదా మీద సిరా ఆరకముందే ఆమె గదిలో ఉంది కాబట్టి అది సాధ్యమైంది. రాజ్యాంగ సభ తన పద్ధతులు తానే రాసుకోవడానికి 1946 డిసెంబరులో వేసుకున్న నియమాల కమిటీలో కూడా మన దుర్గాబాయి ఉన్నారు. ఆమె పేరు చెప్పగానే ఆంధ్ర మహిళా సభ గుర్తొస్తుంది గానీ ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

అసలు కమిటీయే వేయకపోతే? ముస్లిం స్త్రీల వివాహ హక్కుల బిల్లును, అంటే తక్షణ తలాక్‌ను నేరంగా చేసిన బిల్లును, సెలెక్ట్ కమిటీకి పంపాలన్న తీర్మానం 2019 జూలై 30న రాజ్యసభలో ఓడిపోయింది. అదే రోజు బిల్లు నెగ్గింది. భర్త జైలుకు పోతే ఇల్లు ఎలా గడవాలి, భరణం ఎవరు కట్టాలి అని ఈ వంతెన దాటే స్త్రీలను కమిటీ ఏదీ పిలిచి అడగలేదు. స్త్రీల రిజర్వేషన్ల సంగతీ చూడండి. 1996 బిల్లును గీతా ముఖర్జీ అధ్యక్షతన సంయుక్త కమిటీ పరిశీలించింది. 2023లో మాత్రం సెప్టెంబరు 19న ప్రవేశపెట్టి 21కల్లా రెండు సభలూ ఆమోదించాయి. అమలును జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ఎందుకు ముడిపెట్టారని నిలదీయడానికి కమిటీ గది అంటూ లేకపోయింది.

ఒకసారి ఒక ఉపసంఘం ముందు మాట్లాడటానికి పాతబస్తీ స్త్రీలు కొందరితో కలిసి వెళ్లాను. పిలుపు ఒక్కరోజు ముందు వచ్చింది, అదీ ఇంగ్లీషులో. మాట్లాడటం అయ్యాక బీడీలు చుట్టే ఒకావిడ అక్కడి అధికారిని ఉర్దూలో అడిగింది: "సాబ్, మీరు రాసుకున్నది ఒకసారి చదివి వినిపించండి." ఆయన నవ్వి, అలా చదివే పద్ధతి లేదన్నాడు. పీహెచ్‌డీ చేసిన నాకు తట్టని ప్రశ్న అది. ఎన్ని పుస్తకాలు చదివినా, మినిట్స్ రాసేవాడి చేతిలో ఉండే అధికారాన్ని ఆమె పట్టుకున్నంత సూటిగా నేను పట్టుకోలేదు.

ఇకనుంచి కమిటీ వేశారని పత్రికలో చూసిన రోజే మన సంఘాలు అధ్యక్షులకూ సచివాలయానికీ ఉత్తరం రాయాలి. ప్రకటన తెలుగులోనూ ఉర్దూలోనూ ఇస్తారా? గడువు పదిహేను రోజులేనా? చదవడం రాని స్త్రీ నోటిమాటను తీసుకుంటారా? హైదరాబాదు వస్తే హోటల్ హాల్లోనే కూర్చుంటారా, నదికి ఇవతలి ఒడ్డుకూ వస్తారా? కూలి పోగొట్టుకుని వచ్చే మనిషికి దారి ఖర్చులిస్తారా? ఆమె చెప్పినదాన్ని ఆమె భాషలో చదివి వినిపిస్తారా? జవాబు రాకపోతే రాలేదని తేదీ వేసి మన దగ్గరే రాసిపెట్టుకుందాం. నివేదిక అచ్చయి వచ్చిన రోజున ఆ కాగితం పనికొస్తుంది.