తెలియక కాదు, తెలిసే నోరు మూయిస్తున్నాం

ఈసారి రేట్ల గురించీ కాదు, కరెంటు గురించీ కాదు. మన ఇళ్ళల్లో పిల్లల గురించి. కొంచెం పెద్ద పోస్టే, ఓపిక చేసుకుని చదవండి. కోపం వస్తే రానివ్వండి.

నల్లజర్ల చుట్టుపక్కల ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా కుర్ర తండ్రులది ఒకటే మాట. "మావోడు ప్రశ్నలతో చంపేస్తున్నాడండి బాబూ. మనమేమన్నా పెద్ద చదువులు చదివామా, ఏం చెప్తాం? ఫోనిచ్చి కూర్చోబెడుతున్నా." పక్కనాయన వంత పాడతాడు, "అంతంత ఫీజులు కడుతున్నాం కదా, స్కూల్లో అడగమను" అని.

ఈ మాట నేను ఒప్పుకోను. చదువు లేక జవాబు చెప్పట్లేదన్నది ఉత్త సాకు.

అసలు నాలుగైదేళ్ళ పిల్లలు అడిగేవేంటో ఒకసారి చెవిపెట్టి వినండి. "నాన్నా, ఎర్రకాలువ ఎక్కడికి పోద్ది?" దీనికి డిగ్రీ కావాలా? అనంతపల్లి దగ్గర బండాపి చూపిస్తే చాలు. పైన ఏజెన్సీ కొండల మీద పడ్డ వాన, జంగారెడ్డిగూడెం దగ్గర కొంగువారిగూడెం ప్రాజెక్టులో ఆగి, ఇటు అనంతపల్లి మీదుగా దిగి, నందమూరు అక్విడెక్టు దగ్గర ఏలూరు కాలువని దాటి, యనమదుర్రు డ్రైన్లో పడి, భీమవరం మీదుగా సముద్రానికి పోద్ది. మనకి పైన వానొస్తే తాడేపల్లిగూడెం వైపు చేలు ఎందుకు మునుగుతాయో కూడా అందులోనే తెలిసిపోద్ది వాడికి. ఎక్కడి నుంచో వచ్చిన టీచరు గారికన్నా ఇది మనమే బాగా చెప్పగలం. ప్రతి ఏడూ వరద చూసేది మనమే కదా.

పోనీ నిజంగానే తెలియనివి అడిగారనుకోండి. "పామాయిల్ మగ పువ్వు మీద ఇన్ని పురుగులున్నాయి, మందు కొట్టవా నాన్నా?" ఎన్నో ఏళ్ళుగా గెలలు కోస్తున్నోళ్ళల్లో కూడా ఎంతమందికి తెలుసండీ దీని సంగతి? ఆ ముక్కు పురుగులు ఉండబట్టే గెలలో కాయ నిండుతోంది. మగ పువ్వు మీద బతికి, ఆ పుప్పొడి ఒంటికి అంటించుకుని ఆడ పువ్వు మీదకి పోతాయి. ఒకప్పుడు మలేషియాలో ఈ పురుగు లేదు. కూలీలు చెట్టు చెట్టుకీ తిరిగి చేత్తో పుప్పొడి చల్లేవాళ్ళు. లెస్లీ డేవిడ్‌సన్ అని తోటల మేనేజరు ఒకాయన, అంతకుముందు ఆఫ్రికాలో కామెరూన్‌లో పనిచేసి వచ్చినవాడు. అక్కడి తోటల్లో అక్కర్లేని పని ఇక్కడెందుకని అడిగాడు. పుప్పొడిని గాలే మోస్తుందని పెద్దపెద్దోళ్ళంతా నమ్మే రోజులవి. చివరికి రహ్మాన్ సయ్యద్ అనే పురుగుల శాస్త్రవేత్త కామెరూన్ వెళ్ళి చూసి, ఆ పని చేసేది ఈ పురుగేనని తేల్చాడు. 1981లో మలేషియా తోటల్లో వదిలారు. చేత్తో చల్లే పని పోయింది. తర్వాత మన దేశానికీ తెచ్చారు.

మన గట్టు మీద పిల్ల అడిగేదీ అలాంటిదే. తెలియకపోతే "నాకూ తెలీదమ్మా, కనుక్కుందాం" అనండి. తండ్రి పరువేం పోదు. పెదవేగిలో పామాయిల్ పరిశోధనా కేంద్రం మనకి దగ్గరే. మొక్కల కోసం, సబ్సిడీ కోసం ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగట్లేదు? పిల్ల ప్రశ్న పట్టుకుని ఒకసారి పోతే ఏం?

కాబట్టి తెలియకపోవడం ఎప్పుడూ ఇబ్బంది కాదు. మనవాళ్ళు ఏ ప్రశ్నకి నోరు మూయిస్తున్నారో గమనించండి. జవాబు బాగా తెలిసినదానికి.

"నాన్నా, మందు డబ్బా మీద ఈ ఎర్ర రంగేంటి?"

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా!"

ఇదీ మన జవాబు. ఆ గుర్తు ఊరికే వెయ్యలేదండీ. మూలగా తిప్పిన చదరం, కింద సగంలో రంగు. ఎరుపు అంటే అన్నిటికన్నా ఘోరమైన విషం. దాని తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, ఆఖర్న ఆకుపచ్చ. ఆకుపచ్చ అన్నంత మాత్రాన మజ్జిగ కాదు, అదీ విషమే. ఇది చెప్పడానికి ఎంతసేపు పట్టుద్ది? చేతులు విరగ్గొడతానంటే పిల్లోడికి నాన్నంటే భయం పుట్టుద్ది, మందంటే కాదు. నాన్న చేలో ఉన్నప్పుడు డబ్బా ఇంట్లోనే ఉంటది మరి.

ఎందుకు చెప్పం? దాని వెనకే రెండో ప్రశ్న వచ్చుద్ది కనక. "మరి అది కొట్టిన వంకాయలు అమ్ముతున్నాం కదా, మనం మాత్రం పెరట్లోవే ఎందుకు తింటాం?" కొట్టాక ఎన్ని రోజులు ఆగి కొయ్యాలో డబ్బాతో ఇచ్చే కాగితంలోనే ఉంటది. రేటుందని ఆగకుండా కోసేవాళ్ళు ఎంతమంది లేరు? రంగు దగ్గర నోరు విప్పితే వంకాయల దాకా పోవాలని వాళ్ళకి తెలుసు. అందుకని ముందే కట్ట వేసేస్తారు.

"అయితే పసిపిల్లల ముందు అన్నీ విప్పి చెప్పమంటావా?" అని అడుగుతారు. అక్కర్లేదు. చెంబెడు అడిగినోడికి చెరువంతా పొయ్యక్కర్లేదు. దూడ ఎక్కడి నుంచి వచ్చిందంటే ఆవు కడుపులోంచి అని చెప్పండి, అయిదేళ్ళ పిల్లకి అది సరిపోద్ది, దూడతో ఆడుకోడానికి పరిగెత్తుద్ది. మళ్ళీ రెండేళ్ళకి ఇంకో ముక్క అడుగుద్ది, అప్పుడు ఇంకో ముక్క. కానీ "ఛీ, ఆడపిల్లవి, అవేం మాటలు" అంటున్నామే, ఆ పిల్లకి అర్థమయ్యేది ఒకటే. ఒంటి గురించి ఇంట్లో నోరెత్తకూడదని. రేపు ఆటోలోనో ట్యూషన్లోనో ఎవడన్నా చెయ్యకూడని పని చేస్తే ఆ పిల్ల ఎవరికి చెప్పుకోవాలి? పోక్సో చట్టం 2012లోనే వచ్చింది. పిల్ల నోరు విప్పితేనే కదా ఆ చట్టం కదిలేది.

మా తరం వాళ్ళకి చందమామ గుర్తుండే ఉంటది. అందులో బేతాళుడు ప్రతి నెలా ఒక కథ చెప్పి, విక్రమార్కుడిని ఒక ప్రశ్న అడిగేవాడు. ఆ షరతు ఏంటో గుర్తు తెచ్చుకోండి. జవాబు తెలియకపోతే రాజుకేం ప్రమాదం లేదు. తెలిసి కూడా చెప్పకపోతేనే తల పగిలేది.

ఇక అన్నిటికన్నా మనవాళ్ళు ఎక్కువ భయపడే ప్రశ్న. చదివేవాళ్ళల్లో కొందరు ఇక్కడ నన్ను తిడతారని తెలిసే రాస్తున్నా.

"మన చేలో కలుపుకొచ్చే మామ్మకి గ్లాసు వేరే ఎందుకు?"

"అది అంతే, నీకెందుకు, లోపలికి పో."

అన్ని ఇళ్ళల్లోనూ ఉందనను. లేదని మాత్రం ఎవరూ నాతో వాదించకండి. చూరులో దోపిన గ్లాసులు, పాకలో బోర్లించిన ప్లాస్టిక్ గ్లాసులు నేనే చూశా. అంటరానితనం నేరమని రాజ్యాంగం 17వ అధికరణలో రాసుకున్నాం, 1950 నుంచి అమల్లో ఉంది. పిల్లలు స్కూల్లో చదువుతారు. ఫోన్లో అడిగినా చెప్పుద్ది. కానీ వాళ్ళింటి చూరులో గ్లాసు ఎందుకుందో ఫోను చెప్పదు, వాళ్ళ నాన్నే చెప్పాలి. ఎలా చెప్తాడు? "మనం ఆ మామ్మని మనిషిగా చూడట్లేదమ్మా" అని కూతురి మొహం చూసి అనగలడా? అనలేడు కాబట్టే గదమాయిస్తాడు. రెండు మూడు సార్లు అడిగి ఆ పిల్ల ఊరుకుంటది. ప్రశ్న మర్చిపోయి కాదు. నాలుగో రోజు తనే ఆ గ్లాసు తీసుకెళ్ళి మామ్మకి మంచినీళ్ళు పోసుద్ది, అంటుకోకుండా, పైనుంచి. మనం నేర్పింది అది.

మా పక్క వీధిలో ఒకాయన కూతురు వరసగా మూడు రోజులు ఇదే ప్రశ్న పట్టుకుంది. ఏం చెప్పాలో తోచక, ఆ గ్లాసు తీసి పాత సామాన్లవాడికి వేసేశాడు. ఇప్పుడు పనికొచ్చిన అందరికీ ఇంట్లోవాళ్ళతో పాటే స్టీలు గ్లాసులు. వాళ్ళమ్మగారు మాత్రం ఇంకా గొణుగుతూనే ఉన్నారు.