ఒకే ఊరు, మూడు గుమ్మాలు

ఎనిమిదవ కేంద్ర వేతన సంఘం పరిశీలించవలసిన అంశాలను 2025 అక్టోబరు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించి, నివేదికకు 18 నెలల గడువు విధించినది. నాటి నుండి మన శాఖలన్నింటిలోను కనీస వేతనం, కరువు భత్యం, పింఛను గురించిన చర్చలే సాగుతున్నవి. సాగవలసినవే. అయితే ఆ లెక్కల అడుగున పడి కనుమరుగయ్యే ప్రమాదం ఉన్న ప్రశ్న మరొకటి కలదు. అది వైద్యం. ఉద్యోగికి, విశ్రాంత ఉద్యోగికి, వారి పక్కనే చెమటోడ్చే కాంట్రాక్టు కార్మికునికి జబ్బు చేస్తే ఏ గుమ్మం తొక్కాలి? ఈ ప్రశ్నకు జవాబు వెదకేవారు ఒకసారి జంషెడ్‌పూర్ వైపు చూడవలెనని మేము కోరుతున్నాము.

ఆ పట్టణం మనకు పరాయిది కాదు. కాళీమాటి అనే చిన్న స్టేషను 1919లో టాటానగర్ అయినది. నాటి బెంగాల్ నాగపూర్ రైల్వే మీదనే, ఖరగ్‌పూర్ దారిన, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి తెలుగు కుటుంబాలు అక్కడికి బతుకుదెరువుకై తరలివెళ్ళినవి. తరాలు గడిచినవి. నేటికీ అక్కడి బస్తీలలో తెలుగు మాట వినవచ్చును. ఆ రైల్వే కార్మికులను సంఘటితపరచి, 1927లో ఖరగ్‌పూర్ సమ్మెకు నాయకత్వం వహించినవారిలో బరంపురంలో జన్మించిన మన వి.వి. గిరి ఒకరన్నది మరువరానిది.

జంషెడ్‌పూర్‌లో ఉక్కు కంపెనీ 1907లో స్థాపితమైతే, మరుసటి ఏడాదే ఆసుపత్రి వెలసినది. 1912లో ఎనిమిది గంటల పనిదినం, 1915లో ఉచిత వైద్య సహాయం, 1920లో భవిష్యనిధి, వేతనంతో కూడిన సెలవు అమలులోనికి వచ్చినవి. చట్టాలు రాకముందే వచ్చిన సౌకర్యాలివి. ఇందులో యాజమాన్యపు దూరదృష్టి ఉన్నమాట వాస్తవమే. దానిని కాదనవలసిన పని లేదు. కాని 1920, 1922, 1928 సంవత్సరాలలో ఆ పట్టణాన్ని కదిలించిన సమ్మెలను, 1920లో పుట్టిన లేబర్ అసోసియేషన్‌ను, దానికి సుభాస్ చంద్రబోస్ వహించిన అధ్యక్షతను మరచి ఆ చరిత్ర వ్రాస్తే అది సగం చరిత్రే అవుతుంది. ఇచ్చిన సౌకర్యం నిలవాలన్నా, పెరగాలన్నా అడిగే సంఘం ఉండాలి.

ఆ సౌకర్యం ఎవరికి దక్కినది? కంపెనీ హాజరు పట్టీలో పేరున్న కార్మికునికి. 1990ల ఆరంభంలో ఆ కంపెనీ హాజరు పట్టీలలో 70 వేలకు పైగా పేర్లున్నవి. రెండు దశాబ్దాలు తిరగకముందే ఆ సంఖ్య దాదాపు సగానికి పడిపోయినది. ఉక్కు ఉత్పత్తి మాత్రం పెరిగినది. పని పోలేదు. కొంత యంత్రాల వశమైనది, కొంత కాంట్రాక్టరు చేతికి పోయినది. హాజరు పట్టీ చిక్కిపోగా, దానిని ఆశ్రయించుకొన్న వైద్యపు నీడ కూడ చిక్కిపోయినది.

నేడు ఆ ఊరిలో మూడు గుమ్మాలున్నవి. మొదటిది కంపెనీ ఆసుపత్రి. రెండవది ఖర్కాయి నది ఆవల, ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలోని చిన్న కర్మాగారాల కార్మికుల కొరకైన ఇ.ఎస్.ఐ. మూడవది 1961లో ఏర్పడిన మహాత్మాగాంధీ స్మారక వైద్య కళాశాల వారి ప్రభుత్వాసుపత్రి. ఎవరి జబ్బు ఎంత తీవ్రమైనది అన్నదానిని బట్టి గాక, ఎవరి చేతిలో ఏ జీతపు చీటీ ఉన్నదన్నదానిని బట్టి గుమ్మం నిర్ణయమవుతున్నది. ఏ చీటీ లేనివానికి మిగిలేది మూడవ గుమ్మమే. సాక్చిలో ఆ ప్రభుత్వాసుపత్రి పాత భవనంలో కొంత భాగం 2025 మే నెలలో కూలిపోయి, చికిత్సకై వచ్చిన రోగులే ప్రాణాలు కోల్పోయారు. డిమ్నాలో కొత్త భవనం లేచినది, సంతోషమే. కాని గోడలు ఆసుపత్రి కాజాలవు. వైద్యులు, నర్సులు, మందులు ఉంటేనే అది ఆసుపత్రి.

రెండవ గుమ్మం సంగతి కూడ చూడవలసి ఉన్నది. 1948 చట్టంతో వచ్చిన ఇ.ఎస్.ఐ. కార్మికుని సొంత డబ్బుతో, యజమాని వాటాతో నడిచే సంస్థ. 2019 జూలైలో దాని చందాను వేతనంలో 6.5 శాతం నుండి 4 శాతానికి తగ్గించినారు. ఆ తగ్గింపులో పెద్ద భాగం యజమానికే దక్కినది. వేతన పరిమితిని 2017లో 21 వేలుగా నిర్ణయించినారు. ధరలతోపాటు పరిమితి కదలనప్పుడు, జీతం కాస్త పెరిగిన కార్మికుడు ఆ పెరుగుదల వల్లనే వైద్యం పోగొట్టుకొంటాడు.

ఇదంతా ఉక్కు కార్మికుల గొడవ అని మనము ఊరకుండవచ్చునా? టాటానగర్ ప్లాట్‌ఫారం మీద నిలిచి చూడుడు. గార్డుకు, పాయింట్స్‌మన్‌కు రైల్వే వైద్య కార్డు కలదు. అదే బండి పెట్టెలను కడిగే కాంట్రాక్టు కార్మికునికి అది లేదు. తపాలా శాఖలో ఇంకా విచిత్రం. సర్వీసులో ఉన్నంతకాలం 1944 నాటి వైద్య నియమాలు వర్తిస్తవి. పదవీ విరమణ చేసిననాడే అవి వర్తించడం మానుతవి. సి.జి.హెచ్.ఎస్. కేంద్రం లేని ఊళ్ళలో విశ్రాంత పోస్టుమన్‌కు దిక్కు నెలసరి వైద్య భత్యం. 2017లో దానిని 1,000 రూపాయలుగా నిర్ణయించినారు. రక్తపోటు, మధుమేహం ఉన్న వృద్ధ దంపతుల మందులకు ఆ వెయ్యి ఏ మూలకు? ఇక ఊరూరా ఉత్తరం అందించే గ్రామీణ డాక్ సేవక్‌లు సి.జి.హెచ్.ఎస్. పరిధిలోనికీ, ఆ 1944 నియమాల పరిధిలోనికీ రారు.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. మన గుమ్మాన్ని మనము కాపాడుకొన్నాము గాని, బయట నిలిచినవాని కొరకు తగినంతగా తలుపు తట్టలేదు. జంషెడ్‌పూర్ నేర్పే పాఠమిదే. లోపలివారి సంఖ్య తగ్గినకొద్దీ లోపలి హక్కు కూడ బలహీనపడుతుంది.

పాలకులు సూచిస్తున్న మార్గం బీమా. ఏడవ వేతన సంఘం 2015లో కేంద్ర ఉద్యోగులకు, పింఛనుదారులకు ఆరోగ్య బీమా పథకాన్ని గట్టిగా సిఫారసు చేసినది. అదే ఏడాది బిబేక్ దేబ్‌రాయ్ కమిటీ ఆసుపత్రులు, పాఠశాలల వంటివి రైల్వేల అసలు పని కాదన్నది. కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు చికిత్స అన్న ఆయుష్మాన్ పథకాన్ని 2018 సెప్టెంబరు 23న ఇదే రాష్ట్ర రాజధాని రాంచీలో ప్రారంభించినారు. పెద్ద శస్త్రచికిత్స అవసరమైన పేదకు అది ఊరట. దానిని మేము తోసిపుచ్చము. కాని అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి ఖర్చు భరించే పథకం. దినదినం మ్రింగే మాత్ర, నెలనెలా చేయించే పరీక్ష దానిలోనికి రావు. పేదవాని ఇల్లు గుల్ల చేసేది తరచు ఆ ఖర్చే.

రైల్వే ఆసుపత్రులలో అన్ని విభాగాల నిపుణులు లేరు, ప్రైవేటుకు పంపితే తప్పేమి అని అడిగేవారున్నారు. అవసరమైనప్పుడు పంపవలసినదే. మా అభ్యంతరం పంపడం మీద కాదు. ఖాళీలు నింపక, పరికరాలు కొనక, సొంత ఆసుపత్రిని ఎండగట్టి, ఆపైన పనికిరాదని మూసివేసే పద్ధతి మీద. ఆసుపత్రి ప్రజల ఆస్తి. బీమా ఏటేటా తిరగవ్రాసుకొనే ఒప్పందం. ఆ ఒప్పందపు షరతులు మన చేతిలో ఉండవు.

డబ్బు లేదన్న వాదన కొత్తది కాదు. దేశం పరాయి పాలనలో ఉన్న 1946లోనే భోర్ కమిటీ, చెల్లించలేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండ పోరాదన్నది. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతం ప్రభుత్వ వ్యయం లక్ష్యంగా చెప్పుకొన్నది. 2021-22లో అది 1.84 శాతమే. ఆ ఏడాది దేశపు ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు తమ జేబు నుండే చెల్లించినారు. పూర్వంకన్న ఇది తగ్గినమాట నిజమే. అయినను నూటికి దాదాపు నలుబది రూపాయలు రోగి మీదనే పడుతున్న దేశంలో ఆసుపత్రుల నుండి తప్పుకొనే హక్కు ప్రభుత్వానికి లేదు.

కనుక వేతన సంఘం ముందు మన సంఘాలు ఈ కోర్కెలను స్పష్టంగా ఉంచవలెను. రైల్వే ఆసుపత్రులలో ఖాళీలు నింపాలి, వాటిని బీమాకు బదులు పెట్టరాదు. విశ్రాంత తపాలా ఉద్యోగులకు ప్రతి జిల్లాలోను నగదు రహిత చికిత్స కల్పించాలి, వైద్య భత్యాన్ని మందుల ధరలతో ముడిపెట్టాలి. గ్రామీణ డాక్ సేవక్‌లకు శాఖా ఉద్యోగులతో సమానంగా వైద్యం అందాలి. మన ఆవరణలో పనిచేసే ప్రతి కాంట్రాక్టు కార్మికునికి చట్టప్రకారం రావలసిన ఇ.ఎస్.ఐ. అందుతున్నదో లేదో శాఖా కార్యదర్శులు స్వయంగా విచారించాలి. 2025 నవంబరు 21న లేబర్ కోడ్‌లు అమలులోనికి వచ్చి, ఇ.ఎస్.ఐ. సామాజిక భద్రతా కోడ్‌లో భాగమైన ఈ తరుణంలో ఆ విచారణ మరింత అవసరం.

చివరి కోర్కె ప్రభుత్వాన్ని అడిగేది కాదు, మనలను మనమే అడుగుకోవలసినది. రాబోయే శాఖా సమావేశానికి బండి కడిగే కార్మికుని, ఊరి డాక్ సేవక్‌ను కూడ పిలువుడు. వారి మాట వినుడు. గుమ్మాలు మూడైనను జబ్బు ఒక్కటే. అడిగే గొంతు కూడ ఒక్కటి కావలెను.