పడవ వెనక రెండు రేకులు

ఆ మధ్య ఒక సాయంత్రం ఉప్పాడ నుంచి ఫోన్. ఇంటర్‌లో నాతో చదివిన మిత్రుడు. చదువు ఆపేసి తండ్రితో పాటు వేటకి వెళ్లడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు కావస్తోంది. "ఒరేయ్, కోల్‌కతాలో ట్రిమ్ ట్యాబ్‌లు దొరుకుతాయేమో కనుక్కోరా. అవి బిగిస్తే పడవ నీళ్ల మీదకి లేస్తుందంట, ఆయిలు బాగా కలిసొస్తుందంట. అప్పు చేసైనా వేయిద్దామనుకుంటున్నా" అన్నాడు.

ఎన్నికల గురించి అడిగితే గంటసేపు చెప్పగలను గానీ ట్రిమ్ ట్యాబ్ పేరు వినడం నాకదే మొదలు. స్ట్రాండ్ రోడ్డులో ఇంజన్ విడిభాగాలు అమ్మే ఒక దుకాణానికి వెళ్లాను. గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన కళ్లజోడు పైనుంచి చూసి, "ఏ పడవకి దాదా?" అన్నాడు. చిన్న చేపల పడవకని చెప్పాను. "అది ఎంత వేగంగా పోతుందో ముందు కనుక్కోండి. రేకుల సంగతి తర్వాత" అని తన లెక్కల పుస్తకంలో మునిగిపోయాడు.

అసలు విషయమంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉందని తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ట్రిమ్ ట్యాబ్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. పడవ వెనక భాగానికి, మన జాలర్ల మాటలో అమరానికి, నీటిమట్టం దగ్గర కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి బిగించే లోహపు రేకు. తలుపు బందులాంటి దాని మీద పైకీ కిందికీ కదులుతుంది. కిందికి వంచితే, పడవ అడుగు నుంచి జారుకుంటూ వచ్చే నీరు దానికి తగిలి కిందికి మళ్లుతుంది. ఆ ఒత్తిడికి వెనక భాగం లేస్తుంది, ముక్కు దిగుతుంది. ఒకవైపు రేకునే వంచితే పక్కకి ఒరిగిన పడవ సరిగ్గా నిలబడుతుంది. పని చేసేది పారే నీరు కాబట్టి, నీరు ఎంత వేగంగా పారితే రేకుకి అంత బలం. నెమ్మదిగా పోయే పడవకి అది నీళ్లలో ఈడ్చుకుపోయే బరువే.

మరి ఏది వేగం, ఏది నెమ్మది? ఈ లెక్క తేల్చినవాడు విలియం ఫ్రౌడ్. 1870లలో ఇంగ్లండ్‌లోని టార్కీలో పొడవైన నీటి తొట్టి కట్టించి, అందులో నమూనా ఓడలను లాగి చూశాడు. పడవ కదిలితే ముక్కు దగ్గర ఒక అల లేస్తుంది, దాని వెనక ఇంకొకటి. వేగం పెరిగే కొద్దీ వాటి మధ్య దూరం పెరుగుతుంది. అది పడవ పొడవుతో సమానమయ్యేసరికి పడవ తన అలల మధ్య గుంటలో తానే ఇరుక్కుంటుంది. ఇంకా వేగం కావాలంటే ముందున్న అలని ఎక్కాలి. అప్పుడే వెనక భాగం కుంగి, ముక్కు ఆకాశం చూస్తుంది. ఇంజన్ రొద పెరుగుతుంది, ఆయిలు కాలుతుంది, వేగం మాత్రం పెద్దగా పెరగదు.

ఆ హద్దుకి నోటిలెక్క ఉంది. నీటిమట్టం దగ్గర పడవ పొడవు ఎన్ని అడుగులో చూసి, దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చిస్తే వేగం నాట్‌లలో వస్తుంది. ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. 25 అడుగుల పడవకి హద్దు 6.7 నాట్‌లు. 36 అడుగులదానికి 8.

కోల్‌కతాలో ఈ హద్దుకి రెండు వైపులనూ ఒకే నది మీద చూడొచ్చు. గార్డెన్ రీచ్ నౌకా నిర్మాణ కేంద్రం కట్టిన కార్ నికోబార్ తరగతి గస్తీ నౌకలు 2009 నుంచి నౌకాదళంలో చేరాయి. పొడవు 48 మీటర్లు. పై లెక్కన వాటి హద్దు 17 నాట్‌ల లోపే, కానీ అవి 30కి పైగా అందుకుంటాయి. అంత బలమైన ఇంజన్లున్న చోట వెనక భాగం కుంగకుండా చూసే ఏర్పాటుకి విలువ ఉంటుంది. అమెరికా నౌకాదళం తన డిస్ట్రాయర్లకు వెనక రెక్కలు అమర్చి ఇంధనం ఆదా చేసింది. అదైనా నమూనాలను తొట్టిలో లాగి చూసి, ఆ ఓడ కొలతకి తగ్గట్టు చేసుకున్నాకే.

అదే నదిలో భుట్‌భుటీ కూడా పోతుంది. డీజిల్ ఇంజన్ బిగించిన నాటు పడవకి దాని చప్పుడుని బట్టి బెంగాలీలు పెట్టుకున్న పేరు. దాని వేగం హద్దుకి ఇవతలే. దానికి రేకు బిగించడం ఎడ్లబండికి విమానం రెక్క కట్టడమే. కాంకుర్‌గాఛీలో అంబేడ్కర్ భవన్‌లో 2014లో తెరిచిన పడవల మ్యూజియంలో బెంగాల్ పడవల నమూనాలు నలభైకి పైగా ఉన్నాయి. ఒక ఆదివారం వెళ్లి ఒక్కొక్క పడవ వెనక భాగమే చూస్తూ తిరిగాను. చాలావాటికి వెనక కూడా సన్నగా పైకి తేలి ఉంటుంది. రేకు బిగించే చోటే లేదు. నీరు మెత్తగా విడిపోవాలని ఆ వడ్రంగులు చెక్కలోనే ఏర్పాటు చేసుకున్నారు.

మిత్రుడికి ఫోన్ చేశాను. అతనిది ఫైబర్ పడవ, నీటి దగ్గర పాతిక అడుగులు, పది హార్స్‌పవర్ లాంగ్‌టెయిల్ ఇంజన్. పొడవాటి కడ్డీ చివర పంకా తిరిగే ఈ ఇంజన్‌లో ఒక విశేషముంది. కడ్డీ ఏటవాలుగా దిగుతుంది కాబట్టి పంకా పడవని ముందుకి తోయడంతో పాటు అమరాన్ని కొంచెం పైకి కూడా నెడుతుంది. రేకు చేయాల్సిన పని కాస్తో కూస్తో అది ముందే చేస్తోంది. ఖాళీగా వెళ్లేటప్పుడు పడవ హద్దు అంచున పోవచ్చు. వల తడిసి, చేప నిండి, నలుగురు మనుషులతో తిరిగొచ్చేటప్పుడు ఆ మాటే లేదు. పైగా వల లాగుతుంటే రేకు అంచుకి చిక్కుకుంటే ఆ రోజు కూలి పోయినట్టే. ఇసుక మీదకి పడవ ఈడ్చేటప్పుడు మొదట వంగేదీ అదే.

ఇంతకంటే పెద్ద సంగతి ప్రాణానికి సంబంధించినది. సముద్రం నుంచి నది మొగలోకి వచ్చేటప్పుడు కెరటాలు వెనక నుంచి తరుముతాయి. ఆ సమయంలో రేకులు దించి ఉంటే ముక్కు నీళ్లలోకి గుచ్చుకుంటుంది, వెనక భాగం పక్కకి తిరుగుతుంది, మరుసటి కెరటానికి పడవ అడ్డం పడుతుంది. రేకులున్న పడవల వాళ్లయినా అప్పుడు వాటిని పూర్తిగా ఎత్తేయాలన్నది మొదటి పాఠం. 2021 జులైలో బక్‌ఖాలీ దగ్గర ఒక ట్రాలర్ వేట నుంచి తిరిగొస్తూ బోల్తా పడి పలువురు చనిపోయారు. రేకులకీ దానికీ సంబంధం లేదు. కానీ ఇంటికి వచ్చే దారే ఎంత ప్రమాదమో కాక్‌ద్వీప్, నామ్‌ఖానా ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు.

మరి ఆయిలు కలిసొచ్చే దారి లేదా? ఉంది, దానికి పైసా ఖర్చు కూడా లేదు. నెమ్మదించడం. ఈ పడవలకి కావాల్సిన శక్తి సుమారుగా వేగం ఘనంతో పెరుగుతుంది. 36 అడుగుల పడవ 8 నాట్‌ల దగ్గర గంటకి 10 లీటర్లు తాగుతుందనుకుందాం. 40 నాటికల్ మైళ్లకి 5 గంటలు, 50 లీటర్లు. అదే 7 నాట్‌లతో వస్తే 43 నిమిషాలు ఆలస్యం, ఆయిలు మాత్రం 38 లీటర్లే. ఆంధ్ర తీరానికి కొత్త పడవల నమూనాలు గీసిన నార్వే ఇంజనీరు గుల్‌బ్రాండ్‌సెన్, 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కోసం రాసిన ఇంధన పొదుపు పుస్తకంలో ప్రధానంగా చెప్పిందీ వేగం తగ్గించమనే.

"రేకులొద్దురా. ఐసు పెట్టె, ఆయిలు డబ్బాలు కాస్త ముందుకి జరిపి చూడు. వచ్చేటప్పుడు కొంచెం నెమ్మదిగా రా" అన్నాను.

అవతల నవ్వు. "బరువు సర్దడం మా నాన్న నాకెప్పుడో నేర్పాడ్రా. నెమ్మదిగా రమ్మంటావు, సరే. నా వెనకోడు నన్ను దాటిపోయి ముందు పాటకి అందుకుంటే నా చేప ఎవడు కొంటాడు? వచ్చేసరికి ఐసు కరిగిపోతే?"

నా దగ్గర జవాబు లేదు. రాజనీతి శాస్త్రంలో ఈ చిక్కు చదువుకున్నాను. అందరూ నెమ్మదిస్తే అందరికీ లాభం, ఒక్కడే నెమ్మదిస్తే వాడికే నష్టం. అందుకే అందరూ పరుగే. ఉప్పాడ ఒడ్డున వేలంపాటకైనా, ఇక్కడ డైమండ్ హార్బర్ నగేంద్ర బజార్‌లో ఇలిశ పాటకైనా ఇదే సూత్రం. ఇలిశ అంటే మన పులసే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం ముగిశాక ఈ పరుగు మరీ ఎక్కువ.

ప్రభుత్వాల సాయం ఈ పరుగుని ఆపదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో డీజిల్ రాయితీని లీటరుకి 9 రూపాయలు చేశారు. అది అవసరమే, కాదనను. కానీ లీటరు లెక్కన ఇచ్చే సాయం, కాల్చని లీటరుకి ఏమీ ఇవ్వదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పడవలతో పాటు ఐసు ప్లాంట్లకి, శీతల గిడ్డంగులకి కూడా చోటుంది. కొత్త పడవకి జెండా ఊపితే ఫొటో వస్తుంది. తీరంలో చాలినంత ఐసు దొరికితే, గంట ఆలస్యంగా వచ్చినవాడికీ న్యాయమైన ధర పలికితే ఫొటో రాదు. పడవ నిదానంగా, భద్రంగా ఇంటికొస్తుంది.

మిత్రుడు రేకులు కొనలేదు. అప్పు మాత్రం చేశాడట. పెద్ద ఇంజన్ కోసం.