పావురం వస్తే వాలే అడవేది?



అంతరించిన జీవులను జన్యు మార్పిడితో మళ్లీ పుట్టించడంలో అసలు ప్రమాదం ప్రయోగశాలలో కాదు, వాటిని అడవిలో వదిలాక మొదలవుతుంది. ఉత్తర అమెరికా ప్యాసింజర్ పావురమే ఇందుకు ఉదాహరణ. 19వ శతాబ్దంలో వందల కోట్లుగా ఉన్న ఈ పక్షి మితిమీరిన వేటకు బలైంది. చివరిదైన మార్తా 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చనిపోయింది. బ్యాండ్ టెయిల్డ్ పావురం జన్యువులను మార్చి దాన్ని పోలిన పక్షిని సృష్టించాలని రివైవ్ అండ్ రిస్టోర్ సంస్థ 2012లో పూనుకుంది.

అలా పుట్టేది నకలు మాత్రమే. దానికి వలస దారి చూపే పెద్ద పక్షులుండవు. పైగా ఈ జాతి బలమంతా గుంపులోనే ఉండేది. 1871లో విస్కాన్సిన్‌లో సుమారు 2,200 చదరపు కిలోమీటర్ల మేర ఇవి గూళ్లు కట్టాయి. ఒక్కో గూటిలో పెట్టేది ఒక్క గుడ్డే అయినా, డేగలూ నక్కలూ తిన్నన్ని తినగా ఇంకా మిగిలేవి. ఇప్పుడు కొన్ని వందల పక్షులను వదిలితే అవి ఎరగానే మిగులుతాయి. నిలదొక్కుకునేంత మందను వదిలితే వాటి బరువుకు కొమ్మలు విరుగుతాయి, రెట్ట పేరుకుని నేలమీది మొక్కలు మాడతాయి.

ఒకప్పటి మహారణ్యం ఆ తాకిడికి తట్టుకుని తిరిగి చిగురించేది. ఇప్పుడది ముక్కలైంది. వాటి మేతలో భాగమైన చెస్ట్‌నట్ చెట్లు 20వ శతాబ్దం తొలి సగంలో శిలీంధ్రం తెగులుతో వందల కోట్లలో చచ్చాయి. ఓక్ కాయలు చాలని ఏడాది మంద పంట పొలాల మీద పడుతుంది, ఉడుతల, జింకల తిండికీ పోటీ వస్తుంది. గుంపులో రోగం పుడితే ఇతర పావురాలకు పాకుతుంది. విస్తరించిన మందను వెనక్కి తేవడం సాధ్యం కాదు.

పావురాల తాకిడితో అడవిలో వెలుతురు పడి కొత్త చెట్లు మొలుస్తాయని సమర్థకుల వాదన. ఆ పని నియంత్రిత మంటలతో, ఎంపిక చేసిన నరికివేతతో కూడా చేయవచ్చు. తేడా వస్తే ఆపనూవచ్చు. అందుకే అంతరించడానికి కారణం తొలగి, తగిన ఆవాసం ఉందని తేలేదాకా ఇలాంటి జీవులను బయట వదలడాన్ని అనుమతించరాదు.

అందాకా డబ్బూ శ్రద్ధా బతికున్న జాతులకు దక్కాలి. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ కనిపించింది. దాన్ని ఎవరూ సృష్టించనక్కర లేకపోయింది. అది బతికే ముళ్లపొదల అడవిని కాపాడితే చాలు.

– ఒక పాఠకుడు, కడప