మా పిల్లను నమూనాగా పంపం

మా చెల్లెలి కూతురు పదో తరగతి చదువుతున్నది. ఇల్లు రేగోడ్‌లో, చదువు ఊరికి దూరంగా ఒక హాస్టల్ బడిలో. ఏడాదిపాటు పరాయి దేశంలో ఒక కుటుంబంతో కలిసి ఉండి అక్కడి బడిలో చదువుకునే విద్యార్థుల మార్పిడి పథకం ఒకటి ఉందని తెలిసి పేరిచ్చింది. రాత పరీక్ష దాటింది. ఇంటర్వ్యూకు తయారు చేయడానికి పిల్లలందరినీ కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారట. ఒక పిల్లను మీ ఊళ్లో బతుకమ్మ ఎట్లా పేరుస్తారని అడిగారు. ఒక పిల్లవాడిని మీ ఊళ్లో ఏ పంటలు పండుతాయని అడిగారు. మా పిల్ల వంతు వచ్చేసరికి ప్రశ్న మారిపోయింది. "అక్కడ మీ మతం గురించి, టెర్రరిజం గురించి అడుగుతారు. ఏం చెప్తవు?"

సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నన్ను అడిగింది. "మామూ, నేనేం చెప్పాలె?"

పదిహేనేళ్ల పిల్ల. 2001 సెప్టెంబరు 11 నాటికి పుట్టనే లేదు. 1992 డిసెంబరు 6 నాటికి ఆమె తల్లి గౌను వేసుకుని బడికి పోతున్నది. చిన్నప్పటి నుంచి దోస్తులతో కలిసి తంగేడు పువ్వు తెంపి, బతుకమ్మ చుట్టూ తిరిగిన పిల్ల. కంది చేను, పత్తి చేను చూసి పెరిగిన పిల్ల. బతుకమ్మ గురించి అడిగితే చెప్పగలదు. పంటల గురించి అడిగితే చెప్పగలదు. కాని ఆమెను ఆ ప్రశ్నలు అడగాలని ఎవరికీ తోచలేదు. అడిగినవారు చెడ్డవారని నేను అనను. మంచి ఉద్దేశంతోనే అడిగి ఉంటారు. మా బాధంతా ఈ మంచి ఉద్దేశాలతోనే.

ముందే ఒక మాట చెప్తాను. నేను ఈ ప్రయాణాలకు వ్యతిరేకిని కాను. బడి ఈడు పిల్లలు ఇంకో దేశంలో, ఇంకో ఇంట్లో ఏడాది ఉండి రావడం గొప్ప సంగతి. ఈ పద్ధతిని పెంచిన సంస్థల్లో ఒకటైన ఏఎఫ్‌ఎస్ మొదట బడి సంస్థే కాదు. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, గాయపడ్డ సైనికులను మోసిన అంబులెన్సు డ్రైవర్ల దళం అది. రెండు మహాయుద్ధాలు చూసిన ఆ మనుషులు 1947 నుంచి బడి పిల్లల మార్పిడి మొదలుపెట్టారు. ఒకరి ఇంట్లో ఒకరు అన్నం తిన్నవాళ్లు రేపు ఒకరిమీద ఒకరు తుపాకి ఎత్తడానికి వెనకాడతారని వాళ్ల ఆశ. ఆ ఆశకు నేను సలాం చేస్తాను.

కాని మా పిల్లల కోసం తెరిచిన తలుపుమీద ఏం రాసి ఉందో కూడా చూడాలి. సెప్టెంబరు 11 దాడుల తర్వాత, 2002 అక్టోబరులో, అమెరికా కాంగ్రెసు ఒక పథకం పెట్టింది. ముస్లిం జనాభా చెప్పుకోదగినంత ఉన్న దేశాల హైస్కూలు పిల్లలను తమ ఖర్చుతో ఒక విద్యా సంవత్సరం అమెరికాలో చదివించాలని. ఎడ్వర్డ్ కెనడీ, రిచర్డ్ లూగర్ అనే ఇద్దరు సెనేటర్ల పేరుమీద దాన్ని కెనడీ-లూగర్ యూత్ ఎక్స్‌ఛేంజ్ అండ్ స్టడీ ప్రోగ్రామ్ అన్నారు. మన దేశం నుంచి కూడా పిల్లలు వెళ్లారు. వెళ్లినవారికి మేలు జరిగింది, కాదనను. కాని తేదీలు చూడండి. రెండు వేల ఒకటికి ముందు మా పిల్లలు లేరా? వాళ్లకు చదువు అక్కర లేదా? బిల్డింగులు కూలిన తర్వాతే మా పిల్లలు కనబడ్డారు. అంటే ఆ తలుపును మా పిల్లల తెలివి తెరవలేదు, వాళ్ల భయం తెరిచింది. భయంతో తెరిచిన తలుపులోంచి పోయే పిల్ల నెత్తిమీద, భయం పోగొట్టే పని కూడా పెడతారు.

ఈ పథకం కింద తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు కూడా అమెరికా వెళ్లి వచ్చారు. తరతరాలుగా బడి గడప తొక్కనివ్వని కులాల పిల్లలు అంత దూరం వెళ్లడం మా ఇంటి పండుగ లాంటిదే. వాళ్లను కూడా "చూడండి, ఎంత వెనకబడినవాళ్లు ఎంత ఎదిగారో" అని నిలబెట్టి చూపిస్తే అక్కడా జరిగేది ఇదే అన్యాయం. దళిత సోదరులు ఈ మాట మాకంటే ముందే చెప్పారు. మేం వాళ్ల దగ్గరే నేర్చుకున్నాం.

అక్కడ సంగతి అట్లా ఉంచండి. ఇక్కడ ఏం జరుగుతున్నది? 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవాళ్లు చచ్చిపోయారు. తర్వాత పోలీసులు పట్టుకుపోయింది ఎవరిని? ముస్లిం యువకులనే. కోర్టుల్లో వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ తర్వాత ప్రభుత్వం వాళ్లకు నష్టపరిహారం ఇచ్చింది, దాంతోపాటు మంచి నడవడి గలవారని సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. ఏ తప్పూ చేయని మనిషికి, తప్పు చేసిన ప్రభుత్వం మంచివాడని కాగితం రాసిస్తుంది! ఆ కాగితం జేబులో పెట్టుకుని వాళ్లు ఉద్యోగానికి, పిల్లనడగడానికి పోవాలి. మా చెల్లెలి కూతురికి నేర్పిస్తున్న జవాబు కూడా అటువంటి కాగితమే. తేడా ఒక్కటే. వాళ్లకు జైలు తర్వాత ఇచ్చారు. ఈమె చేత ముందుగానే రాయిస్తున్నారు.

నా సొంత పాస్‌పోర్టు ముచ్చట చెప్తాను. విచారణకు వచ్చిన మనిషి నా కాగితాలన్నీ చూశాడు. బీఏ మార్కుల మెమో చూశాడు. పనిచేసే పత్రిక కార్డు చూశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడు. వెళ్తూ వెళ్తూ గడపలో నిలబడి "పాకిస్తాన్‌లో చుట్టాలెవరన్న ఉన్నరా?" అన్నాడు. నవ్వుతూనే అడిగాడు. మా అమ్మీ లోపలి నుంచి "మా చుట్టాలు అందరు జోగిపేట, నారాయణఖేడ్‌లనే ఉన్నరు బిడ్డా" అంది. పక్కింటి పటేలు కొడుకు కూడా అదే వారంలో పాస్‌పోర్టు పెట్టుకున్నాడు. అతడిని ఏం అడిగారని తర్వాత అడిగాను. "చాయ్ తాగి పోయిండు" అన్నాడు. రెండు ఇళ్లకు మధ్య ఒక్క గోడ. గోడకు అటుపక్క చాయ్, ఇటుపక్క పాకిస్తాన్.

పరదేశం మాకు కొత్తది కాదు. మా దిక్కు చాలా ముస్లిం ఇళ్లల్లో మొదటి పాస్‌పోర్టు చదువు కోసం తీసింది కాదు, దుబాయి కోసం, సౌదీ కోసం తీసింది. పదో తరగతి దాటనివాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని పడుతుంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద, గల్ఫ్ వంటి దేశాలకు కూలికి పోవాలంటే వాడు అనుమతి తీసుకోవాలి. మోసపోకుండా కాపాడటానికి పెట్టిన నిబంధనే. కాని ఒక్కసారి ఆలోచించండి. ఎవరు చదువుకోలేదో సర్కారుకు పాస్‌పోర్టు పుస్తకంలోనే తెలుసు. తెలిసి ఆ ఇంటి పిల్లలకు ఏం చేసింది? అబ్బా ఎడారిలో సిమెంటు మోసి ఇరవై ఏళ్లు పరదేశంలో ఉంటే అతడినెవరూ రాయబారి అనలేదు. ఏ దేశం గురించీ, ఏ మతం గురించీ ఉపన్యాసం ఇమ్మనలేదు. పైసలు పంపమన్నారు, అంతే. కూతురు చదువుకోవడానికి పోతానంటే మాత్రం ఆమె చేతిలో ఇస్లాం మొత్తాన్ని పెట్టి, పడేయకుండా పట్టుకొని రమ్మంటున్నారు.

ఇక మావాళ్ల సంగతి. ఇది రాయకపోతే నేను సగం నిజమే రాసినట్టు. పిల్ల పరీక్ష దాటిందని తెలిసిన రోజు ఇంట్లో సంతోషం కంటే గుబులే ఎక్కువ కనబడింది. "ఆడపిల్ల ఏడాది పొడుగునా పరాయోళ్ల ఇంట్ల ఎట్లుంటది?" అని దాదీ. "హలాల్ దొరుకుతదా? నమాజు చదవనిస్తరా?" అని పెద్దాయన ఒకరు. "రేపు సంబంధం ఎట్లొస్తది?" అని ఇంకొకరు. తిండి గురించి, నమాజు గురించి అడగడం న్యాయమే. ఆ ప్రశ్నలు ముందే అడిగి, జవాబు తీసుకునే పంపాలి. కాని పరాయి ఇల్లు అన్నమాట దగ్గర నాకు కోపం వచ్చింది. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎంతమంది మన ఆడవాళ్లు కువైట్ ఇళ్లల్లో ఖద్దామాలుగా అంట్లు తోమలేదు? ముప్పై ఏళ్లు నిండని ఈసీఆర్ మహిళలను ఇంటిపనికి పంపకూడదని సర్కారు నిబంధన పెట్టాల్సినంత బాధ పడలేదా వాళ్లు? పనిమనిషిగా పోతే పోని ఇజ్జత్, విద్యార్థిగా పోతే పోతుందా? పేదరికం పంపితే తల వంచుకుని పంపుతాం. చదువు పిలిస్తే తలుపు మూస్తాం. ఇది దీన్ చెప్పిన మాట కాదు. మన మగవాళ్ల భయం.

మా పెద్దలు కొందరు పాత వైభవం ఎత్తుకుంటారు. నిజమే, ఈ హైదరాబాదు రాజ్యమే 1895లో పదహారేళ్ల సరోజినిని నిజాం స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండు పంపింది. తర్వాత సరోజినీ నాయుడు అయింది ఆమే. ముస్లిం పాలకుడి పైసలతో బెంగాలీ బ్రాహ్మణుల ఆడపిల్ల చదువుకోవడానికి పోయింది. నూట ముప్పై ఏళ్ల కిందటి మాట. ఈ గడ్డమీద అది జరిగిందని పాఠ్యపుస్తకాలు గట్టిగా చెప్పవు, చెప్పాలి. కాని అదే నిజాం రేగోడ్ లాంటి ఊరి నుంచి ఒక్క దూదేకుల పిల్లను, ఒక్క మాల పిల్లను, ఒక్క ఫకీరు పిల్లను పంపాడా? విలాయత్ చదువులు నవాబుల దేవిడీల కొడుకులకు, పెద్ద నౌకర్ల బిడ్డలకు దక్కాయి. మేం రాజులం కాదు, ఆ రాజుల రయ్యతులం. రాజరికం పోయింది, దాని నింద మాత్రం మా నెత్తిమీద మిగిలింది.

ఇంకొక గోడ భాషది. ఇటువంటి పథకాల మొదటి మెట్టు ఇంగ్లీషు పరీక్ష. ఉర్దూ మీడియం పిల్ల, తెలుగు మీడియం పిల్ల ఇద్దరూ అక్కడే ఆగిపోతారు. ముస్లింలంటే మదర్సా అనుకునేవాళ్లకు ఒక లెక్క చెప్తాను. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకు పోయేది నూటికి ముగ్గురు, నలుగురేనని 2006లో సచార్ కమిటీ చెప్పింది. మిగతావాళ్లు అందరి లాగే సర్కారు బళ్లకు, ప్రైవేటు బళ్లకు పోతున్నారు, లేదా బడే మానేస్తున్నారు. తెలంగాణలో 2016లో 71 మైనారిటీ గురుకులాలు తెరిచారు, తర్వాత అవి 204 అయ్యాయి. ఇంగ్లీషు మీడియం అందుబాటులోకి వచ్చింది. మంచిదే. కాని గురుకులంలో సీటు దొరకని పిల్ల ఏం కావాలి? ఇటువంటి పథకం ఉందన్న కబురైనా ఆమె దాకా చేరుతుందా? ఉర్దూ పత్రికలో చేరదు, తెలుగు పత్రిక జిల్లా పేజీలో చేరదు. రెండు పత్రికల్లో పనిచేసినవాడిగా ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

మార్పిడిని ఉర్దూలో తబాదలా అంటాం. తెలుగులో ఇంకా మంచి మాట ఉంది, ఇచ్చిపుచ్చుకోవడం. మా పిల్ల పోయి మా గురించి చెప్పి రావడం ఒక్కటే అయితే అందులో పుచ్చుకోవడం ఎక్కడుంది? నేను ఐదు దాకా ఉర్దూలో చదివి, ఆరులో తెలుగు బడికి మారినవాడిని. ఒకే ఊరి పిల్లలం, ఒకే వాగులో ఈత కొట్టినవాళ్లం, కాని ఆ బడి పుస్తకంలో మా పండుగ ఒక్కటి కూడా లేదు. మొహర్రం నెలలో ఊరంతా కలిసి పీర్లు ఎత్తుకుంటుంది. అన్ని కులాలవాళ్లు ఊదు వేస్తారు, అలాయి ఆడతారు. అది అసలైన ఇచ్చిపుచ్చుకోవడం. దానికి ఎవరూ నిధులివ్వలేదు, సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఇప్పుడు అటునుంచి కొందరు, ఇటునుంచి కొందరు దాన్ని కూడా ఆపమంటున్నారు. సముద్రాలు దాటి పిల్లలను మార్చుకుంటాం, సరే. పక్క వాడకట్టుకు పిల్లను పంపమంటే మాత్రం ఇల్లు కిరాయికి కూడా ఇవ్వం.

అందుకే అడుగుతున్నాను. పిల్లలను తయారు చేసే అయ్యలారా, అందరినీ అడిగే ప్రశ్నే మా పిల్లనూ అడగండి. పంటలు అడగండి, లెక్కలు అడగండి, ఏ ఆట ఆడతావని అడగండి. సర్కారువారూ, ఈ పథకాల కబురు తెలుగులో, ఉర్దూలో ప్రతి మండలం బడి గోడమీద అంటించండి. ఇంగ్లీషు రాని పిల్లకు ముందు ఇంగ్లీషు నేర్పి, ఆ తర్వాత పరీక్ష పెట్టండి. మా పెద్దలారా, ఆడపిల్ల కాళ్లకు అడ్డం పడకండి. తిండి, నమాజు, భద్రత గురించి అడగాల్సినవన్నీ అడగండి, అడిగి పంపండి.

పిల్లకు నేను చెప్పిన జవాబు ఇది. "బేటీ, అక్కడ నిన్ను ఏదన్న అడిగితే తెలిసింది చెప్పు. తెలువనిది తెలువదను. కోట్ల మంది తరఫున జవాబు చెప్పే ఉద్యోగం నీకెవరూ ఇయ్యలే. నువ్వు తప్పు చేస్తే అది నీ తప్పే, ఇస్లాంది కాదు. మంచి మార్కులు తెచ్చుకుంటే అవి గూడ నీయే."

కాసేపు ఆలోచించి అడిగింది. "మరి వాళ్లు మా ఊరి గురించి అడగకపోతే?"

"అడగకపోయినా చెప్పు" అన్నాను.

వచ్చే నెల ఇంటర్వ్యూ. ఎంపిక కావచ్చు, కాకపోవచ్చు. కాకపోతే మార్కులు తక్కువై కావద్దు గాని, ఆ ఒక్క ప్రశ్నకు వాళ్లు కోరిన జవాబు చెప్పలేదని మాత్రం కాకూడదు. పోతే రేగోడ్ పిల్లగా పోతుంది. సూట్‌కేసులో జొన్న రొట్టెలకు పిండి పెడతానని దాదీ ఇప్పటికే అంటున్నది.